నోటి మాట లేకుండా సంభాషణ: బొమ్మల బోర్డు వెనుక విజ్ఞానం



మాట, భాష, సంభాషణ అనే మూడు పదాలను మనం రోజూ ఇంచుమించు ఒకే అర్థంలో వాడుతుంటాం. ఈనాటి విషయంలోకి వెళ్ళే ముందు వీటిని విడదీసి చూడాలి. మాట అంటే ఊపిరితిత్తులు, స్వరపేటిక, నాలుక, పెదవులు కలిసి పుట్టించే ధ్వని. అది కండరాల పని. భాష అంటే అర్థాలను, వాటిని కలిపే నియమాలను మెదడు దాచుకునే వ్యవస్థ. సంభాషణ అంటే ఒకరి మనసులోని భావం మరొకరికి చేరడం. ఈ మూడింటిలో మొదటిది దెబ్బతిన్నంత మాత్రాన రెండవది పోయినట్లు కాదు. రెండవది ఉన్నప్పుడు మూడవదానికి దారి వెతకవచ్చు. ఆ దారుల్లో ఒకటైన బొమ్మల బోర్డు గురించి ఈరోజు తెలుసుకుందాం. అది ఎలా పనిచేస్తుంది? దానిని ఎలా తయారుచేయాలి? అంతకంటే ముఖ్యంగా, దానితో మాట్లాడటం ఎలా నేర్పాలి?

ఎవరికి అవసరం?

సెరిబ్రల్ పాల్సీ అనే స్థితి గురించి మీరు వినే ఉంటారు. తెలుగులో దీనిని మస్తిష్క పక్షవాతం అంటారు. బిడ్డ పుట్టక ముందు గానీ, పుట్టేటప్పుడు గానీ, పుట్టిన కొత్తలో గానీ, ఎదుగుతున్న మెదడులో కదలికలను నియంత్రించే భాగాలు దెబ్బతినడం వల్ల ఇది వస్తుంది. ప్రపంచ సగటు చూస్తే ప్రతి వెయ్యి జననాల్లో ఇద్దరు ముగ్గురు శిశువులకు ఈ స్థితి ఉంటుంది. చేతులు, కాళ్ళు అదుపు తప్పినట్లే కొందరిలో నాలుక, పెదవులు, ఊపిరిని నడిపే కండరాలు కూడా అదుపులో ఉండవు. వాళ్ళకు చెప్పవలసింది తెలుసు, కానీ నోరు సహకరించదు.

ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో కొందరికి, మెదడులో రక్తస్రావమై మాట పడిపోయిన పెద్దలకు, కండరాలు క్రమంగా చచ్చుబడే మోటార్ న్యూరాన్ వ్యాధి వచ్చినవారికి కూడా ఇటువంటి అవసరమే ఉంటుంది. ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద, గొంతులో గొట్టంతో ఉన్న రోగికి కొద్ది రోజులపాటైనా ఈ సాయం కావాలి.

మాట్లాడలేని పిల్లవాడి చుట్టూ ఉన్న పెద్దలు చాలా తొందరగా ఒక నిర్ణయానికి వస్తారు. “వాడికి ఏమీ తెలియదు” అంటారు. తెలియదనుకున్న పిల్లవాడిని ఎవరూ ప్రశ్న అడగరు. ప్రశ్న అడగకపోతే జవాబు చెప్పే అవకాశం రాదు. జవాబు రాలేదు కాబట్టి తెలియదన్న అభిప్రాయం మరింత గట్టిపడుతుంది. ఈ వలయంలో పడిన పిల్లవాడు కడుపులో నొప్పి ఎక్కడుందో చెప్పలేడు. తనను ఎవరైనా కొడితే ఆ సంగతి చెప్పలేడు. పాఠం అర్థమైందని నిరూపించుకోలేడు. బొమ్మల బోర్డు ఈ వలయాన్ని ఒకచోట తెంపే సాధనం.

నోటి మాటకు తోడుగా గానీ, దాని స్థానంలో గానీ వాడే ఈ పద్ధతులన్నిటినీ కలిపి ఆగ్మెంటేటివ్ అండ్ ఆల్టర్నేటివ్ కమ్యూనికేషన్ అంటారు. పొట్టిగా ఏఏసీ. అట్టముక్క మీద అంటించిన బొమ్మల నుంచి కంటిచూపుతో నడిచే కంప్యూటర్ వరకు అన్నీ ఇందులోకే వస్తాయి.

కొంత చరిత్ర

అమెరికాలోని మినియాపోలిస్ నగరంలో సెరిబ్రల్ పాల్సీతో జీవించిన ఎఫ్. హాల్ రో అనే ఆయన 1920ల నాటికే అక్షరాలు, మాటలు ముద్రించిన ఒక బోర్డును వాడేవారు. ఇటువంటి బోర్డుల్లో మనకు తెలిసిన తొలివాటిలో అది ఒకటి.

రెండవ ఘట్టం మరింత ఆసక్తికరమైనది. చార్లెస్ బ్లిస్ 1897లో నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో జన్మించారు. ఆయన చదివినది కెమికల్ ఇంజనీరింగ్. 1938లో నాజీలు ఆయనను డాఖౌ, బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరాల్లో ఉంచారు. అక్కడి నుంచి బయటపడి షాంఘై చేరినప్పుడు ఆయనను చైనా లిపి ఆకర్షించింది. ఒకరి భాష మరొకరికి రాకపోయినా, గుర్తు చూసి అర్థం తెలుసుకునే వీలు అందులో కనిపించింది. తరువాత ఆస్ట్రేలియాలో స్థిరపడి, 1949లో తన చిహ్నాల వ్యవస్థను ప్రచురించారు. అందులో హృదయం గుర్తు భావానికి సంకేతం. దాని పక్కన పైకి చూసే బాణం ఉంటే సంతోషం, కిందికి చూసే బాణం ఉంటే విచారం. దేశాల మధ్య అపార్థాలు తొలగించాలన్నది బ్లిస్ ఆశయం. ఆ పని జరగలేదు. కానీ 1971లో కెనడాలోని టొరంటోలో షర్లీ మెక్‌నాటన్ అనే ఉపాధ్యాయురాలు, ఆమె సహచరులు ఈ చిహ్నాలను సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు నేర్పారు. అప్పటివరకు కొన్ని బొమ్మలు చూపి ఊరుకున్న పిల్లలు, చిహ్నాలను కలిపి కొత్త భావాలు చెప్పడం మొదలుపెట్టారు.

మూడవ ఉదాహరణ మీకు తెలిసిన శాస్త్రవేత్తదే. 1985లో స్టీఫెన్ హాకింగ్‌కు న్యుమోనియా తీవ్రమై, గొంతుకు రంధ్రం చేసి శ్వాస అందించవలసి వచ్చింది. దానితో అంతకుముందున్న కొద్దిపాటి మాట కూడా పోయింది. మొదట ఆయన సంభాషించినది అక్షరాల కార్డుతోనే. ఎదుటివారు ఒక్కొక్క అక్షరం చూపుతుంటే, కావలసిన అక్షరం దగ్గర ఆయన కనుబొమ ఎత్తేవారు. తరువాత కాలిఫోర్నియాకు చెందిన వాల్ట్ వోల్టోజ్ రూపొందించిన కంప్యూటర్ ప్రోగ్రాం వచ్చింది. చేతిలోని ఒక్క స్విచ్ నొక్కి తెర మీది మాటలను ఎంచుకోవడం అందులోని పద్ధతి. 1988లో వెలువడిన ‘ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్’ గ్రంథాన్ని ఆయన ఆ సాధనంతోనే పూర్తిచేశారు.

ఖరగ్‌పూర్‌లో జరిగిన ప్రయత్నం

ఇప్పుడు మన దేశానికి వద్దాం. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు నెలకొల్పిన కాలం నుంచి, ఉత్తరాంధ్ర జిల్లాల వారు పని కోసం వచ్చి తరతరాలుగా స్థిరపడ్డారు. 2020 డిసెంబరులో ఆ రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి ఈ పట్టణంలోని తెలుగువారే ప్రధాన కారణం. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిర భవనంలో ఆరంభమైన ఐఐటీ కూడా ఇక్కడే ఉంది. ఆ విద్యాసంస్థ ఆవరణను ఆనుకుని ఉన్న పేట ప్రేమ్ బజార్. ఈ బజారులో బెంగాలీ, హిందీ, తెలుగు, ఒడియా భాషలు కలగలిసి వినిపిస్తాయి. అమ్మేవారి భాష కొనేవారికి పూర్తిగా రాకపోయినా వేలు చూపితే వంకాయ వంకాయే.

అటువంటి బహుభాషా ప్రాంతంలో ఉన్న ఐఐటీలో, కంప్యూటర్ సైన్స్ విభాగానికి చెందిన ఆచార్య అనుపమ్ బసు బృందం 2000ల తొలి సంవత్సరాల్లో ‘సన్యోగ్’ అనే వ్యవస్థను రూపొందించింది. మాట, కదలిక రెండూ దెబ్బతిన్నవారి కోసం దానిని తయారుచేశారు. కోల్‌కతాలో 1974 నుంచి ఈ రంగంలో పనిచేస్తున్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెరిబ్రల్ పాల్సీలో దానిని పిల్లల చేత వాడించి చూశారు. పిల్లవాడు తెర మీది బొమ్మలను ఎంచుకుంటే, కంప్యూటర్ వాటిని బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు భాషల్లో వాక్యంగా మార్చేది.

ఈ మార్పు అనుకున్నంత సులభం కాదు. ఒక పిల్లవాడు ‘నేను’, ‘రేపు’, ‘బడి’, ‘వెళ్ళు’ అనే నాలుగు బొమ్మలు చూపాడనుకోండి. తెలుగులో అది “నేను రేపు బడికి వెళతాను” కావాలి. బెంగాలీలో “ఆమి కాల్ స్కూలే జాబో”. హిందీలోనైతే చెప్పేది అబ్బాయా అమ్మాయా అన్నదాన్ని బట్టి “జాఊంగా” లేదా “జాఊంగీ” అవుతుంది. పైగా బెంగాలీ ‘కాల్’, హిందీ ‘కల్’ నిన్నకూ రేపటికీ కూడా చెల్లుతాయి. వెళ్ళానా, వెళతానా అన్నది క్రియే చెప్పాలి. బొమ్మకు విభక్తి లేదు, కాలం లేదు, లింగం లేదు. కాబట్టి యంత్రం ముందు ఎవరు, ఏ పని, ఎక్కడ, ఎప్పుడు అన్న అర్థపు చట్రాన్ని కట్టుకోవాలి. ఆ తరువాత ఆ చట్రంలో ఒక్కొక్క భాష వ్యాకరణాన్ని నింపాలి.

బొమ్మకు భాష లేదని మనం తేలికగా అంటాం. బొమ్మను గుర్తించడానికి భాష అక్కర్లేకపోవచ్చు. బొమ్మలతో వాక్యం చెప్పడానికి మాత్రం భాష కావాలి. అందుకే ఎవరి పిల్లలకు బోర్డు తయారుచేస్తున్నామో, వారి ఇంటి భాషను ముందుగా తెలుసుకోవాలి.

తెలుగు బోర్డు ఎలా ఉండాలి?

మన దగ్గర దొరికే బోర్డుల్లో చాలావరకు ఇంగ్లీషు బోర్డుకు తెలుగు మాటలు అతికించినవే. వాటిలో ‘నో’ అన్న బొమ్మ ఒక్కటే ఉంటుంది. కానీ తెలుగు పిల్లవాడికి కావలసిన వ్యతిరేక పదాలు ఎన్ని? “ఇంకా అన్నం పెట్టనా?” అంటే జవాబు ‘వద్దు’. “ఇది నీ పుస్తకమా?” అంటే జవాబు ‘కాదు’. “ఇంట్లో అమ్మ ఉందా?” అంటే జవాబు ‘లేదు’. మూడు ప్రశ్నలకు మూడు వేరువేరు మాటలు. వీటికి ‘తెలియదు’ను కూడా చేర్చండి. ప్రశ్నకు జవాబు రాకపోవడం వేరు, “నాకు తెలియదు” అని చెప్పడం వేరు. రెండవది కూడా ఒక జవాబే.

అలాగే ఇంగ్లీషు ‘వి’, హిందీ ‘హమ్’, బెంగాలీ ‘ఆమ్‌రా’ చోట మనకు రెండు మాటలున్నాయి. “మనం వెళదాం” అంటే ఎదుటివారు కూడా కలిసి రావాలి. “మేము వెళతాం” అంటే వారిని మినహాయించినట్లు. ఒకే బొమ్మ పెడితే, పిల్లవాడు మిమ్మల్ని ఆటకు పిలుస్తున్నాడో, మీరు వద్దంటున్నాడో తెలియదు. ‘నువ్వు’, ‘మీరు’ అనేవి కూడా విడివిడిగా ఉండాలి. మాట రాని పిల్లవాడికి గురువుగారిని గౌరవించే అవకాశం ఎందుకు లేకుండా పోవాలి?

బొమ్మల అమరికకు ఇంగ్లీషు బోధనలో ఒక పాత పద్ధతి ఉంది. చెవిటి పిల్లలకు వాక్యనిర్మాణం నేర్పడానికి ఎడిత్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే ఉపాధ్యాయురాలు 1920లలో రూపొందించిన పట్టిక దానికి మూలం. కర్త ఎడమవైపు, తరువాత క్రియ, ఆపైన కర్మ వస్తాయి. దానికి తరువాతి కాలంలో రంగులు చేరాయి. సాధారణంగా మనుషులకు పసుపు, క్రియలకు ఆకుపచ్చ, గుణాలకు నీలం, వస్తువులకు నారింజ, పలకరింపులకు గులాబీ రంగు వాడతారు. రంగులు మనకూ పనికివస్తాయి. వరుస మాత్రం మారాలి. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి మనుషులు ఎడమవైపు, వస్తువులు, చోట్లు మధ్యలో, క్రియలు కుడివైపు ఉంటే వేలు వాక్యం వెంటే నడుస్తుంది.

ఏ మాటలు పెట్టాలి అన్నది తరువాతి ప్రశ్న. పెద్దలు బోర్డు చేస్తే సాధారణంగా నీళ్ళు, అన్నం, బాత్‌రూమ్, నిద్ర అనే నాలుగుతో ఆగిపోతారు. అవి అవసరమే. కానీ మీరు నిన్నంతా మాట్లాడినదాంట్లో ఈ నాలుగు మాటల వాటా ఎంత? ఇంగ్లీషు మాట్లాడే పిల్లలపై జరిగిన అధ్యయనాల్లో కొన్ని వందల మాటలే రోజువారీ సంభాషణలో సుమారు 80 శాతం ఉంటాయని తేలింది. అవి వస్తువుల పేర్లు కావు. ఇంకా, ఇది, అక్కడ, చాలు, చూడు, వెళ్ళు, నాది, ఎందుకు వంటివి. ‘చాలు’ అనే ఒక్క బొమ్మ తిండి దగ్గర, ఆట దగ్గర, ఎవరైనా ఏడిపిస్తున్నప్పుడు కూడా పనికివస్తుంది. వీటితోపాటు ‘నొప్పి’, ‘భయం’, ‘నన్ను కొట్టారు’, ‘నేను చెప్పేది ఈ బోర్డులో లేదు’ అనే బొమ్మలు తప్పనిసరి. చివరిది లేకపోతే బోర్డులో లేని విషయం పిల్లవాడి మనసులోనే ఉండిపోతుంది.

చేయి ఆడని వారి కోసం ఒక లెక్క

వేలు చూపగలిగినవారు నేరుగా బొమ్మను చూపుతారు. చేయి ఆడనివారు కంటితో చూపవచ్చు. పారదర్శకమైన ప్లాస్టిక్ పలక అంచుల్లో బొమ్మలు అంటించి, మధ్యలో ఖాళీ వదిలి, ఇద్దరూ దానికి చెరొకవైపు కూర్చుంటారు. అవతలివారి చూపు ఏ బొమ్మ మీద నిలిచిందో ఇవతలివారికి కనిపిస్తుంది. ఇది కూడా వీలుకానప్పుడు స్కానింగ్ పద్ధతి ఉంది. యంత్రం గానీ మనిషి గానీ ఒక్కొక్క బొమ్మను వరుసగా చూపుతూ పోతే, కావలసినది వచ్చినప్పుడు పిల్లవాడు స్విచ్ నొక్కుతాడు, తల ఊపుతాడు లేదా కన్ను ఆర్పుతాడు.

గణితం ఇష్టమైనవారు ఇక్కడ శ్రద్ధగా చూడండి. 6 వరుసలు, వరుసకు 8 గళ్ళు ఉన్న బోర్డులో 48 బొమ్మలుంటాయి. ఒక్కొక్క గడినీ వరుసగా చూపితే, అన్ని బొమ్మలకూ సమాన అవకాశం ఉందనుకుంటే, సగటున 24.5 అడుగులు పడుతుంది. అలా కాకుండా ముందు వరుసలను చూపి, కావలసిన వరుస ఎంచుకున్నాక అందులోని గళ్ళను చూపితే? వరుసకు సగటున 3.5, గడికి సగటున 4.5, మొత్తం 8 అడుగులు. అడుగుకు ఒక సెకను చొప్పున 24.5 సెకన్ల పని 8 సెకన్లలో అయిపోతుంది. తరచుగా వాడే బొమ్మలను పై వరుసల్లో, ఎడమ చివర పెడితే ఇంకా తగ్గుతుంది. టెలిగ్రాఫ్ మోర్స్ కోడ్‌లో, ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ‘ఇ’ అక్షరానికి ఒకే ఒక్క చుక్క కేటాయించడం వెనుక ఉన్న సూత్రం కూడా ఇదే.

ఇంత చేసినా వేగం తక్కువే. ఇంగ్లీషులో మామూలు సంభాషణ నిమిషానికి 150 మాటల ప్రాంతంలో సాగుతుంది. హాకింగ్ తన స్విచ్‌తో బాగా సాగిన రోజుల్లో నిమిషానికి 15 మాటల వరకు చేయగలిగేవారు. బోర్డు వాడే పిల్లల్లో చాలామంది అంతకంటే నెమ్మది. ఆ తేడాను ఏ యంత్రమూ పూర్తిగా పూడ్చలేదు. దానిని పూడ్చవలసింది ఎదుటివారి ఓపిక.

ఎలా నేర్పాలి?

బోర్డు తయారుచేసి పిల్లవాడి ముందు పెట్టి, “చూపించు, నీకేం కావాలి?” అని అడుగుతాం. వాడు చూపడు. రెండు వారాలు చూసి, “వీడికి ఇది పనికిరాదు” అని బోర్డును బీరువాలో పెట్టేస్తాం. చాలా బోర్డుల చరిత్ర ఇంతే.

ఇందులో లోపం ఎక్కడుందో ఆలోచించండి. మామూలు బిడ్డ తొలి మాట పలికేది సుమారు ఏడాది వయసులో. అప్పటివరకు వేల గంటలు తన చుట్టూ ఆ భాష వింటూనే ఉంటుంది. ఆ ఏడాది ఎవరూ బిడ్డకు పరీక్ష పెట్టరు. మరి బోర్డు భాషను పిల్లవాడు ఎవరి నోట విన్నాడు? ఎవరి వేలితో చూశాడు? తన చుట్టూ ఉన్న ఒక్కరు కూడా వాడని భాషను తాను మాత్రం వాడాలని అడుగుతున్నాం.

కాబట్టి నేర్పడంలో మొదటి సూత్రం, బోర్డు మీద ముందు మనం మాట్లాడాలి. అమ్మ “ఇంకా నీళ్ళు కావాలా?” అని నోటితో అంటూనే ‘ఇంకా’, ‘నీళ్ళు’ బొమ్మలను వేలితో తాకాలి. పక్క బెంచీ మిత్రుడు “మనం ఆడదాం” అంటూ ‘మనం’, ‘ఆడు’ చూపాలి. పిల్లవాడు వెంటనే తిరిగి చూపాలన్న షరతు ఉండకూడదు.

రెండవ సూత్రం, ఆగడం. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. పిల్లవాడి చెయ్యి బోర్డు వైపు కదలడానికే అంత సమయం పట్టవచ్చు. ఈలోగా మనం ప్రశ్నను మళ్ళీ అడిగితే అతడు మొదటికి రావలసి వస్తుంది.

మూడవ సూత్రం, చూపిన బొమ్మకు ఫలితం ఉండాలి. పిల్లవాడు ‘వద్దు’ చూపినా మనం ముద్ద నోట్లో పెడితే, ఆ బొమ్మకు అర్థం లేదని అతడు నేర్చుకుంటాడు. ప్రతి ‘వద్దు’నూ మన్నించడం కుదరకపోవచ్చు. మందు వేసుకోవలసిందే కావచ్చు. అప్పుడు కూడా “వద్దంటున్నావు, విన్నాను. చేదుగా ఉంటుంది, కానీ జ్వరం తగ్గాలి” అని చెప్పాలి.

నాలుగవ సూత్రం, బోర్డు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. అల్లరి చేశాడని బోర్డు లాక్కోవడం అంటే నోరు మూసి కట్టేయడమే. ఎక్కువ వాగాడని మన నోటికి ఎవరైనా ప్లాస్టర్ వేస్తే ఊరుకుంటామా?

రెండు సందేహాలు

“బొమ్మలు అలవాటైతే వచ్చే మాట కూడా రాకుండా పోతుందేమో” అని తల్లిదండ్రులు భయపడతారు. ఈ భయం సహజమైనదే, కానీ ఆధారం లేనిది. 2006లో మిల్లర్, లైట్, ష్లోసర్ అనే పరిశోధకులు అప్పటివరకు జరిగిన అధ్యయనాలను వడపోసి, నమ్మదగిన 27 మంది వివరాలను పరిశీలించారు. ఏఏసీ వల్ల మాట తగ్గినవారు ఒక్కరూ లేరు. 11 శాతం మందిలో మార్పు లేదు. 89 శాతం మందిలో మాట కొంత పెరిగింది. ఆ పెరుగుదల చాలామందిలో స్వల్పమేనని కూడా వారు చెప్పారు. అంటే బోర్డు మాట తెప్పించే మందు కాదు, మాటను ఆపే అడ్డూ కాదు.

రెండవ సందేహం సైన్సు విద్యార్థులు అడగవలసినది. చూపిన బొమ్మ పిల్లవాడి ఎంపికేనా, పక్కనున్నవారిదా? పిల్లవాడి చేతిని సహాయకుడు పట్టుకుని అక్షరాలు చూపించే ఒక పద్ధతి 1990ల ఆరంభంలో అమెరికాలో బాగా ప్రచారం పొందింది. ఎన్నడూ మాట్లాడని పిల్లలు పెద్ద పెద్ద వాక్యాలు రాస్తున్నారని అందరూ ఆశ్చర్యపోయారు. అప్పుడు పరిశోధకులు ఒక సాధారణ ప్రయోగం చేశారు. పిల్లవాడికి ఒక బొమ్మ, సహాయకుడికి మరొక బొమ్మ, ఒకరిది మరొకరికి కనిపించకుండా చూపారు. వచ్చిన జవాబులు సహాయకుడు చూసిన బొమ్మకు సరిపోయాయి. సహాయకులు మోసం చేయలేదు. తమకు తెలియకుండానే చేతిని నడిపారు. అమెరికాలోని స్పీచ్, లాంగ్వేజ్, హియరింగ్ నిపుణుల సంఘం ఈ పద్ధతిని వాడరాదని 2018లో మరోసారి స్పష్టం చేసింది. దీని నుంచి మనం నేర్చుకోవలసింది ఒకటే. బోర్డును పట్టుకోండి, కుర్చీని సర్దండి, మోచేతికి ఆధారం అమర్చండి. కానీ ఎంచుకునే చేతిని మీరు నడపకండి. మన మంచి ఉద్దేశం పిల్లవాడి మాటను మింగేయకూడదు.

హక్కు, అందుబాటు

ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, ‘కమ్యూనికేషన్’ అన్న పదానికి ఇచ్చిన నిర్వచనంలోనే ఈ ప్రత్యామ్నాయ పద్ధతులను చేర్చింది. మాట, భాషా వైకల్యాలు ఉన్నవారి కోసం విద్యారంగంలో వీటిని ప్రోత్సహించే బాధ్యతను 17వ సెక్షన్ ప్రభుత్వాలపై ఉంచింది. కాబట్టి బడిలో బొమ్మల బోర్డు ఉండటం ఎవరి దయ మీదా ఆధారపడిన విషయం కాదు.

నేడు ట్యాబ్‌లపై నడిచే సాధనాలు కూడా మన దేశంలోనే తయారవుతున్నాయి. చెన్నైలో రూపొందిన ‘ఆవాజ్’, ఐఐటీ బొంబాయి రూపొందించిన ‘జెల్లో’ అటువంటివి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మండల స్థాయి భవిత కేంద్రాల్లోని ప్రత్యేక ఉపాధ్యాయులను, సికింద్రాబాద్‌లో 1984లో ఏర్పడిన జాతీయ మేధో దివ్యాంగుల సంస్థను సలహా కోసం సంప్రదించవచ్చు. యంత్రం ఉన్నా అట్ట బోర్డు కూడా దగ్గర ఉండాలి. దానికి ఛార్జింగు అక్కర్లేదు, వానలో కూడా పనిచేస్తుంది.

మీరు చేయవలసిన పని

ఒక ఏ3 సైజు అట్ట తీసుకోండి. దాని కొలత 42 సెంటీమీటర్లు, 29.7 సెంటీమీటర్లు. అందులో 5 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న 48 గళ్ళు పడతాయి. బొమ్మలు మీరే గీయండి. మాటను బొమ్మకు పైన రాయండి. కింద రాస్తే చూపే చేయి దానిని కప్పేస్తుంది. ఖరగ్‌పూర్ వంటి చోట ఇంటి భాష పైన, బడి భాష దాని పక్కన రాస్తే ఒకే బోర్డు రెండు చోట్లా పనికివస్తుంది. లామినేషన్ చేయిస్తే ఎక్కువకాలం మన్నుతుంది.

తరువాత ఉపాధ్యాయుల అనుమతితో ఒక పీరియడ్ పాటు జంటలుగా కూర్చోండి. ఒకరు నోరు మెదపకుండా, సైగ చేయకుండా, బోర్డుతోనే ఐదు సంగతులు చెప్పాలి. ఒకటి అడగడం, ఒకటి కాదనడం, ఒకటి నిన్న జరిగిన విషయం, ఒకటి ఫిర్యాదు, ఒకటి హాస్యం. చెప్పాలనుకున్నది, చూపిన బొమ్మలు, పట్టిన సెకన్లు, ఎదుటివారు అర్థం చేసుకున్నది అని నాలుగు గడుల పట్టిక రాయండి. ఏ సంగతికి బొమ్మ దొరకలేదో గుర్తించి బోర్డును సవరించండి. ఒక హెచ్చరిక. పీరియడ్ ముగియగానే మీరు మాట్లాడతారు. అందువల్ల వైకల్యంతో జీవించడం ఎలా ఉంటుందో ఈ గంటలో తెలిసిపోయిందని అనుకోకండి. తెలిసేది వినేవారి తొందర ఎంత అడ్డమో, బోర్డులో లేని మాట ఎంత బరువో, అంతే.

మీ తరగతిలో గానీ, మీ వీధిలో గానీ మాటరాని సహాధ్యాయి ఉంటే, సవరించిన బోర్డును అతని ముందుకు తీసుకువెళ్ళండి. మార్పులు అతననే అడగండి. మొదటి బొమ్మ మీరే చూపి పలకరించండి. ఆ తరువాత పది లెక్కపెడుతూ ఆగండి. అతను చూపే మొదటి బొమ్మ ‘వద్దు’ అయినా నిరుత్సాహపడకండి. అది కూడా అతని సొంత మాటే.

సెలవు.